పాత చెమట

1. సోమవారం

ఉడుము మనిషిని చంపితే, ఆ మనిషి ఒంటి మీది బట్టను ఎవరు, ఎలా ఉతికారో రాసి పెట్టాలని మా ఎర్రగుట్ట ఊరి కట్టు. ఓదెమ్మ బట్ట ఉతికింది నేను. నా పేరు సాంబలక్ష్మి. ఊరి కబడ్డీ జట్టులో కూతకు వెళ్తాను. జట్టు చొక్కాలన్నీ ఉతికేదీ నేనే.

నిన్న పొద్దున ఊరి గోడ బయటి మైదానంలో సాధన చేస్తున్నాం. గోడ లోపల ఇళ్లకే జాగా చాలదు, పరుగెత్తడానికి ఎక్కడిది? ఓదెమ్మ తన చొక్కాకు బదులు ఏడో నంబరు చొక్కా తొడుక్కుంది. నిరుడు పందెం అయ్యాక పక్క ఊరు సున్నపాడు జట్టు మాకు కానుకగా ఇచ్చిన చొక్కా అది. శనివారం దాన్ని కుంకుడు రసంలో ఉతికి, ఆరేసి, మడత పెట్టేముందు చంకల దగ్గర ముక్కు పెట్టి చూశాను. ఏ వాసనా లేదు.

రెండు కూతలు వెళ్లొచ్చి ఒళ్లు వేడెక్కాక ఓదెమ్మ నా పక్కన నిలబడింది.

"సాంబక్కా, ఏందో పులిసిన గంజి వాసనొస్తుంది. నువ్వేనా?" అని నవ్వింది.

నేను జవాబు చెప్పేలోపే కాలువ గట్టు వెనుక నుంచి ఉడుము లేచింది.

ఉడుములు ఇనుపవి. మనిషంత పొడవు ఉంటాయి. పొట్ట నేలకు ఆనించి నడుస్తాయి, చీలిన నాలుక బయటపెట్టి గాలిని రుచి చూస్తాయి. ఏదో యుద్ధంలో, నెలల తరబడి ఒకే నైలాను దుస్తుల్లో అడవుల్లో దాక్కున్న సిపాయిలను వెతికి చంపడానికి చేశారట. ఆ యుద్ధం ఎవరికీ ఎవరికీ నడుమ జరిగిందో చెప్పగలవాళ్లు కూడా ఇప్పుడు లేరు. సిపాయిలు పోయారు. ఉడుములు మాత్రం ఎండ తాగి బతుకుతూనే ఉన్నాయి. వాటికి నెత్తురు వాసన పట్టదు. అప్పుడే పట్టిన చెమటా పట్టదు. బట్టలో నిలిచి పులిసిన పాత చెమట ఒక్కటే గుర్తు. అందుకే మేమంతా నూలు కట్టుకుంటాం, రోజూ ఉతుక్కుంటాం. ఆట చొక్కాలు మాత్రం పాతకాలపు నైలానువే. నూలు చొక్కా కబడ్డీ పట్టుకు ఆగదు, మొదటి గుంజుకే చిరుగుతుంది.

అది ఓదెమ్మను నడుం దగ్గర పట్టింది. ఉడుం పట్టు అని ఊరికే అనరు. పక్కటెముకలు విరిగిన చప్పుడు మైదానం అవతలి కొసకు వినిపించింది. మా కెప్టెన్ రాజవ్వ ఓదెమ్మకు సొంత అక్క. గడ్డపార తీసుకుని ఉడుము మెడ కీలులో దించి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. మిగతా వాళ్లం రాళ్లతో వీపు మీద బాదుతూనే ఉన్నాం. తల తెగి మొండెం పడిపోయింది. దవడ మాత్రం వదల్లేదు. ఓదెమ్మ కళ్లు తెరిచే ఉంది.

"అక్కా, చొక్కా ఇప్పు" అంది.

విప్పడానికి వీల్లేకపోయింది. పళ్ల సందున గడ్డపార దూర్చి దవడ తెరిచేసరికి ఆమె లేదు.

సాయంత్రం ఊరి పెద్ద మొగిలయ్య ఉతుకుశాలకు వచ్చాడు. నా ముందు బండ మీద కూర్చున్నాడు.

"బిడ్డా, నువ్వు ఉతకలే అనను. ఉతికినవు. అయినా పోలే. ఎందుకు పోలేదో తెల్వాలె. పందెం దగ్గర పడ్డది" అన్నాడు.

ఏడాదికోసారి సున్నపాడుతో పందెం. గెలిచిన ఊరికి ఆ ఏడు కాలువ తూము నీళ్లు. ఓడిన ఊరు బావుల అడుగున మట్టి పిండుకోవాలి. నిరుడు మేమే ఓడాం.

2. గురువారం

ఉడుము తల ఇంకా చావలేదు. నాలుక ఆడుతూనే ఉంది. దాన్ని పాతిపెట్టబోతుంటే నేను అడిగి తెచ్చుకున్నాను. ఉతుకుశాలలో చాకిరేవు బండకు గొలుసుతో కట్టాను. మనిషి ముక్కుకు అందని వాసన దాని నాలుకకు అందుతుంది కదా.

ఓదెమ్మ ఒంటి మీది నుంచి కోసి తీసిన ఏడో నంబరు చొక్కా నా దగ్గరే ఉంది. నెత్తురు చన్నీళ్లకే పోయింది. చెమట పోలేదు. చల్లగా ఉన్నప్పుడు నాలుక ముందు పెడితే తల కదలదు. అదే బట్టను కాగుతున్న కుండ మీద ఆవిరికి పట్టి పెడితే దవడలు టపటప కొట్టుకుంటాయి. అంటే నేను శనివారం వాసన చూసింది చల్లారిన బట్టను. ఒంటి వేడి తగిలాక లోపల దాగిన వాసన లేచింది.

కుంకుడుతో మళ్లీ ఉతికాను. శీకాయతో ఉతికాను. బూడిద నీళ్లలో నానబెట్టాను. చివరికి బట్టను మరిగే నీళ్లలో వేసి ఉడకబెట్టాను. దానితో వాసన ఇంకా గట్టిగా కూర్చుంది. మా జట్టులో ఒకరు మల్లె అత్తరు తెచ్చి పూయమన్నారు. పూశాను. నాకు మల్లెలే వాసన వేశాయి. ఉడుము తల మాత్రం గొలుసు తెంపుకునేంత పని చేసింది.

నిన్న మధ్యాహ్నం విసుగొచ్చి, కర్రకు చుట్టకుండా, ఆవిరి పట్టిన బట్టను చేత్తోనే పట్టుకుని నాలుక ముందు పెట్టాను. తల గొలుసు పొడుగునా ఎగిరింది. ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు దాని నోట్లో ఉండిపోయాయి. నేను అరిచిన అరుపుకు రాజవ్వ పరుగెత్తుకొచ్చింది. కొడవలి పొయ్యిలో కాల్చి నా వేళ్ల మొదళ్లకు అంటించింది. నేను ఆమె భుజం కొరికాను. ఆమె కొడవలి తీయలేదు.

గుడ్డ కట్టి, "ఇంక నువ్వు కూతకు పోలేవు. చొక్కాల మూట మొయ్యి" అంది. చెల్లెలు చచ్చాక ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

3. ఆదివారం

కారణం దొరికింది. వెతికితే దొరకలేదు, నీళ్లు చిమ్మితే దొరికింది.

చొక్కా చంక దగ్గర నీటి బొట్టు పడితే బట్టలోకి ఇంకకుండా చేమాకు మీద జారినట్టు జారిపోయింది. ఉతికి ఉతికి అరిగిన వీపు మీద మాత్రం ఇంకింది. గోటితో గీకితే గోరు కింద తెల్లగా చేరింది. మైనం. పొయ్యి సెగకు పట్టి గీకి, ఆ తెలుపంతా తీశాక కింద పసుపు మరక కనబడింది. మురికి మీద మైనం పూస్తే మురికి లోపలే ఉండిపోతుంది. నీళ్లు దాన్ని తాకవు, కుంకుడు తాకదు. నేను ఏడాది పొడుగునా ఉతికింది మైనాన్ని, చొక్కాను కాదు.

మొగిలయ్యకు, రాజవ్వకు చూపించాను. 

"మైనం దానంతటదే రాలే కదా" అంది రాజవ్వ.

"సున్నపాడోళ్లు పూసిన్రు. అది నిజమే. ఎందుకు పూసిన్రో మనకు తెల్వదు" అన్నాడు మొగిలయ్య. "తెల్వక చేసిన్రేమో."

"నా చెల్లె నడుం రెండు తునకలైంది. తెల్వక అంటవా పెద్దయ్యా?"

"అడుగుదాం. పందెం నాడు మొఖం మీదనే అడుగుదాం."

రాజవ్వ నవ్వింది. ఆ నవ్వు చూసి మొగిలయ్య కూడా తలదించుకున్నాడు.

4. బుధవారం

వాసన పోయింది! తల ముందు ఆవిరి పట్టిన చొక్కా పెడితే నాలుక ఒకసారి తాకి, ఊరికే వెనక్కి పోయింది. నాలుగైదు సార్లు పెట్టి చూశాను. బండ మీద కూర్చుని ఏడ్చాను.

చేసిన తీరు రాస్తున్నాను, నా తర్వాత ఉతికేవాళ్లకు పనికొస్తుంది. చాకలి సోడా ముద్దగా కలిపి చంకలకు, మెడ పట్టీకి రుద్ది మైనం లేపాలి. తర్వాత చొక్కాను లోపలి వైపు బయటికి తిప్పాలి. చెమట ఉండేది లోపలి వైపు కాబట్టి. పులిసిన కల్లుతో చేసిన సిర్కా చన్నీళ్లలో కలిపి అందులో సగం పూట నానబెట్టాలి. వేడినీళ్లు తగలనివ్వొద్దు. నానాక కుంకుడుతో మెల్లగా పిసికి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, తిరగేసిన చొక్కాను అలాగే ఎండకు వెయ్యాలి. మెత్తబడడానికి ఏమీ పూయొద్దు. ఆడిన చొక్కాను మూటలో ముద్దగా వదలొద్దు. ఆ తడిలోనే పులుస్తుంది.

జట్టు చొక్కాలన్నీ ఇలాగే చేశాను, ఒక్కటి తప్ప.

నాలుగో నంబరు ఓదెమ్మ సొంత చొక్కా. చచ్చిపోయే ముందు రోజు దాకా దాన్నే తొడుక్కుని ఆడింది. అది రాజవ్వ తలకింద ఉంది. ఉతకడానికి ఇమ్మని వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె చొక్కాను గుండెకు అదుముకుని మూలకు జరిగింది. అంత మనిషి, నాకు భయపడ్డట్టు.

"ఇది నా చెల్లె వాసన. నువ్వు ఉతికితే అది ఇంక ఎక్కడా ఉండదు" అంది.

రేకు డబ్బాలో గట్టిగా మూత పెట్టి ఉంచమన్నాను. సరేనంది. ఇంటి లోపలిదే కదా, గోడ దాటి పోదు కదా అనుకున్నాను.

5. శుక్రవారం

రాజవ్వ ఈ పొద్దు ఉతుకుశాలకు వచ్చి తలుపు వేసింది.

"సాంబీ, మైనం పూస్తే వాసన ఎంతసేపు ఆగుతది? నడిస్తే లేస్తదా, ఉరికితేనే లేస్తదా?"

"ఎందుకక్కా?"

"పందెం అయినంక చొక్కా ఇస్తం కదా. వాళ్ల కెప్టెన్ దాన్ని తొడుక్కొనే ఇంటికి పోవాలె కదా."

కానుక చొక్కా తొడుక్కుని ఊరు చేరడం రెండు ఊళ్లకూ మర్యాద. నాకు అర్థమైంది. చెయ్యనన్నాను. పాపం అన్నాను. వాళ్లు కావాలని చేశారో లేదో తెలియదన్నాను. ఆమె పిడికిలి బిగించి నా మూతి మీద గుద్దింది. కింద పడ్డాను. మీద కూర్చుని మళ్లీ గుద్దింది. ముందు పన్ను ఊడి గొంతుకు అడ్డం పడింది.

"ఓదెమ్మ నీతోని మాట్లాడుకుంట చచ్చింది. నీకు నొప్పి లేదా?"

"ఉన్నది. పెద్దయ్యకు చెప్తా. పందెం ఆగితే ఆగనీ."

పందెం మానిన ఊరు ఓడినట్టే. తూము పోతుంది. రాజవ్వ మీద నుంచి లేచి, నడుముకు చుట్టుకున్న తన ఒకటో నంబరు చొక్కా తీసి నా మీద పడేసింది. అప్పటికే మైనం పూసి ఉంది.

"ఉతుకు. అదే ఇస్తా" అంది.

పన్ను ఉమ్మేసి అప్పుడే సోడా కలిపాను. మైనం తీసి, సిర్కాలో నానబెట్టి, ఎండలో ఆరేసి, తల ముందు పెట్టి చూశాను. కదల్లేదు. మడిచి ఆమె చేతికి ఇచ్చాను. మొగిలయ్యకు చెప్పలేదు.

6. పందెం మరునాడు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

పందెం రెండు ఊళ్లకు నడుమ ఉన్న పాత రైలు స్టేషను షెడ్డులో. ఒక్కో ఊరి నుంచి జట్టు, మూట మోసే మనిషి, అంతే వస్తారు. పొద్దున్నే నడక మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు చేరాం. దారిలో రెండు ఉడుములు ఎదురుపడ్డాయి. మా పక్కనే నడిచి, నాలుకలు ఆడించి, వెళ్లిపోయాయి. నా ఉతుకు నిలిచింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆట మొదటి నుంచీ ఆటలా లేదు. సున్నపాడు కూతకు వచ్చిన స్వరూప అనే అమ్మాయిని రాజవ్వ పట్టిన పట్టుకు ఆమె ముక్కు చితికింది. నెత్తురు గీత దాకా చిమ్మింది. స్వరూప లేచి గుడ్డతో ముక్కు కట్టుకుని మళ్లీ కూతకు వచ్చింది. వాళ్లూ ఊరుకోలేదు. మా జట్టులో మూలన నిలిచే అమ్మాయి మోకాలు తిప్పేశారు. షెడ్డు నిండా కూత, ఎముకల చప్పుడు, తిట్లు.

ఆట నడుమ వాళ్ల కెప్టెన్ నీలవ్వ ఔటై వచ్చి నా పక్కన బండ మీద కూర్చుంది. నా చెయ్యి చూసింది.

"వేళ్లేమైనయి?"

"ఉడుము. నీళ్లున్నయా?"

తన సీసా ఇచ్చింది. తాగాక అడిగేశాను. "నిరుడు మీరిచ్చిన చొక్కాకు మైనమెందుకు పూసిన్రు?"

ఆమె ముఖం విప్పారింది. "నచ్చిందా? మా అమ్మమ్మ చేసిన మైనం నీళ్లు. నైలాను గరుకు తాకకుంట మెత్తగుంటదని. చుట్టాలకిచ్చేటిది మెత్తగుండాలె గదా. మావి గూడ అట్లనే ముంచుతం."

సీసా మూత బిగించి తిరిగిచ్చాను.

"ఈ యేడు మాకు కలిసి రాలే" అంది నీలవ్వ. "ఇద్దరిని ఉడుములు పట్టినయి. రోజూ ఉతుకుతనే ఉన్నం. ఎందుకు పట్టినయో మాకు ఎర్కలే."

అప్పుడే పిలుపు వచ్చి ఆమె లేచి వెళ్లింది. ఆట అయ్యాక రాజవ్వకు చెబుదామనుకున్నాను. నీలవ్వకు ఇచ్చే చొక్కా నేను ఉతికిందే కదా, తొందరేముంది అనుకున్నాను.

చివరి కూత రాజవ్వదే. ముగ్గురు మీద పడ్డా గీత దాకా పాకి వేలు ఆనించింది. మేం గెలిచాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానుకలు ఇచ్చిపుచ్చుకున్నారు. రాజవ్వ ఇచ్చిన మడత చొక్కాను నీలవ్వ కళ్లకద్దుకుని తొడుక్కుంది. వాళ్లు పడమటికి, మేం తూర్పుకు బయల్దేరాం.

కొంతదూరం పోయాక వెనక్కి తిరిగి చూశాను. పట్టాల వెంట పోతున్న నీలవ్వ వీపు మీద అంకె కనబడింది. ఒకటి కాదు. నాలుగు.

"అక్కా" అన్నాను. "అది ఓదెమ్మది."

"నడువు."

"అక్కా, వాళ్లు తెల్వక చేసిన్రు. మెత్తగుండాలని పూసిన్రు. వాళ్లోళ్లే ఇద్దరు చచ్చిన్రు. నీలవ్వ నాతోని ఇప్పుడే చెప్పింది."

రాజవ్వ ఆగింది. "ఏమన్నవు?"

మళ్లీ చెప్పాను. పడమటి వైపు పాత రైలు పెట్టెల కింద నుంచి ఉడుములు ఒక్కొక్కటే బయటికి రావడం మా ఇద్దరికీ కనబడింది. నేను కదిలేలోపే రాజవ్వ నా భుజం మీది గడ్డపార లాక్కుని పరుగు తీసింది.

నేను చేరేసరికి మూడు ఉడుములు. ఒకటి నీలవ్వ మోచేతి దగ్గర చొక్కా పట్టి ఈడుస్తోంది. స్వరూప దాని మెడ మీద పడి నాలుకను చేతులతో లాగుతోంది. రెండోది స్వరూపను గొంతు దగ్గర అందుకుంది. అవి వచ్చింది ఆమె కోసం కాదు. నీలవ్వకూ దానికీ నడుమ అడ్డుగా ఉంది, అంతే. స్వరూప తల ఒకపక్కకు వాలిపోయింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఊడి గాలికి పోయింది. మిగతావాళ్లు రాళ్లు రువ్వుతూ అరుస్తున్నారు.

రాజవ్వ రెండోదాని కంట్లో గడ్డపార దించి, వెనక నుంచి కాలితో తన్ని లోపలికంటా పంపింది. అది కొట్టుకుంటూ పడిపోయింది. గడ్డపార దాంట్లోనే ఇరుక్కుంది. రాజవ్వ వట్టి చేతులతో నీలవ్వ మీద పడి చొక్కా మెడ దగ్గర పట్టుకుని గుంజింది. నైలాను చిరగదు. పళ్లతో కొరికి కుట్టు తెంపింది. నేను నీలవ్వ చేతులు పైకెత్తి పట్టాను. చొక్కా తల మీదుగా ఊడి వచ్చింది. అంతలో మూడోది రాజవ్వ కుడి పాదాన్ని పట్టింది. ఆమె అరుస్తూనే చొక్కాను ఉండచుట్టి పట్టాల పక్క గోతిలోకి విసిరింది.

మిగిలిన రెండు ఉడుములూ గోతిలోకి దూకాయి. దూకేటప్పుడు మూడోది దవడ తెరవలేదు. పాదం దాని నోట్లోనే వెళ్లింది.

గోతిలో అవి ఓదెమ్మ చొక్కాను పీలికలు చేశాయి. పీలికలను మళ్లీ చీల్చాయి. నేను రాజవ్వ పిక్క మీద నా పైగుడ్డ బిగించి కడుతున్నాను. ఆమె నన్ను చూడలేదు, కాలును చూడలేదు. గోతిలోకే చూస్తూ ఉంది.

నీలవ్వ స్వరూప పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తల సరిచేసి పెట్టింది. అది నిలవలేదు. మళ్లీ పెట్టింది. అప్పుడు మా వైపు తిరిగి అడిగింది. "ఎందుకొచ్చినయి? మీరు ఉతకలేదా?"

"నేనే. ఉతకనియ్యలే" అంది రాజవ్వ. "నా చెల్లె మీరిచ్చిన చొక్కాతోని చచ్చింది. మీరు కావాలని పూసిన్రనుకున్న. నిన్ను చంపుదామనే ఇచ్చిన."

నీలవ్వ లేచింది. చచ్చిన ఉడుము కంట్లోంచి గడ్డపార పెరికింది. రాజవ్వ జరగలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. నేను నడుమకు వెళ్తే నీలవ్వ మోచేత్తో నన్ను పక్కకు కొట్టింది. గడ్డపార ఎత్తి దింపింది. రాజవ్వ ఎడమ భుజం విరిగిన చప్పుడు విన్నాను. మళ్లీ ఎత్తింది. దింపలేదు. గడ్డపారను రాళ్ల మీదకు గిరాటేసి నా వైపు చూసింది.

"దీన్ని మొయ్యి" అంది రాజవ్వను చూపించి. "చావనియ్యకు. స్వరూప అమ్మకు ఇదే చెప్పుకోవాలె. నేను చెప్పలేను."

7. అమావాస్య తర్వాత

రాజవ్వ బతికింది. జ్వరం దిగాక రెండు ఊళ్ల పెద్దలు స్టేషను షెడ్డులో కూర్చున్నారు. ఆమెను మంచం మీద మోసుకెళ్లాం. నెత్తుటి పందెం చెల్లదని తేల్చి, తూము ఈ ఏడు చెరిసగం చేశారు. దాని మీద ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

శిక్ష చెప్పాల్సింది స్వరూప తల్లి లచ్చవ్వ. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు. మంచం దగ్గరికి వచ్చి రాజవ్వ కాలు మోడును చూసింది.

"నీ చెల్లెకు ఎన్నేండ్లు?" అని అడిగింది.

"పందొమ్మిది."

"నా బిడ్డ దానికంటె రెండేండ్లు పెద్దది."

ఆ తర్వాత తన మాట చెప్పింది. రాజవ్వ సున్నపాడు రావాలి. వాళ్ల చొక్కాల్లో మైనం తీసి, వాసన పోయేలా ఉతకాలి. ఉతికిన ప్రతి చొక్కా ముందు తనే తొడుక్కుని, ఒళ్లు వేడెక్కేదాకా గోడ బయట కూర్చోవాలి. ఉడుము వచ్చి చూసి పోతేనే ఆ చొక్కా ఊళ్లోకి వస్తుంది.

"ఒంటికాలు మనిషి, ఉరకలేదు" అన్నాడు మొగిలయ్య.

"నా బిడ్డ ఉరికిందా?" అంది లచ్చవ్వ.

రాజవ్వ సరేనంది. ఉతికే తీరు నేర్పడానికి నేనూ పోతానన్నాను. ఎవరూ కాదనలేదు.

8. సున్నపాడు, మంగళవారం

మొదటి చొక్కా నిన్న రాజవ్వ ఒక్కతే ఉతికింది. నేను పక్కన కూర్చుని చెప్పాను, చెయ్యి వేయలేదు. భుజం ఇంకా సరిగా లేవదు, కుడి చేత్తోనే సోడా రుద్దింది. సిర్కా నీళ్లలో నానబెట్టి, కుంకుడుతో పిసికి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించింది. సరిపోయిందన్నా వినలేదు, మళ్లీ జాడించింది. తిరగేసి ఎండకు వేసింది.

ఈ పొద్దు ఆరాక తొడుక్కుంది. చంకకర్ర సాయంతో గోడ తలుపు దాటి, బండ మీద కూర్చుంది. ఒళ్లు వేడెక్కాలి కదా, కూర్చున్నచోటే రెండు రాళ్లు పట్టుకుని ఎత్తి దించడం మొదలుపెట్టింది. లచ్చవ్వ లోపల తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. తలుపులో జానెడు కిటికీ ఉంది. నేను దానిలోంచి చూస్తున్నాను. ఊరి ఆడవాళ్లంతా మా వెనక గుమిగూడారు. నీలవ్వ రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి రాజవ్వ వీపంతా తడిసింది. కాలువ వైపు నుంచి ఉడుము వచ్చింది. పెద్దది. దవడ మీద తుప్పు. నేరుగా ఆమె దగ్గరికి నడిచింది. రాజవ్వ రాళ్లు కింద పెట్టింది. పారిపోయే చూపు చూడలేదు, కళ్లు మూసుకోలేదు. నాలుక ఆమె చంకను తాకింది, మెడను తాకింది. పాదం లేని చోట గాలిని తాకింది. ఉడుము ఆమె చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత గట్టు వైపు వెళ్లిపోయింది.

"చచ్చిందా?" అని అడిగింది లచ్చవ్వ, కిటికీ వైపు చూడకుండానే.

"లేదవ్వా. వాసన పోయింది."

ఆమె గడియ తీయలేదు. తల తలుపుకు ఆనించింది. వెనక ఎవరో ఏడుస్తున్నారు. తర్వాత లోపలి బుట్టలోంచి రాజవ్వ నిన్న ఉతికి ఆరేసిన మరో చొక్కా తీసి నా చేతికిచ్చి, గడియ తీసింది.

"ఇది గూడ తొడుక్కోమను" అంది.

బయటికి వెళ్లి ఇచ్చాను. రాజవ్వ తడిసిన చొక్కా విప్పి నా చేతుల్లో పెట్టి, లేచినంత మేరకు చేతులు పైకెత్తింది. నేను తొడిగాను.